హద్దులు రాయని దస్తావేజు

ముప్పైరెండేళ్ళు కడప జిల్లాలో రిజిస్ట్రేషను ఆఫీసు గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. ఏ ఊరు వెళ్ళినా అక్కడి గుడికన్నా, కొండకన్నా ముందు నాకు ఆ నేల తాలూకు కాగితాలు గుర్తుకొస్తాయి. ఎవరు అమ్మారు? ఎవరు కొన్నారు? నాలుగు హద్దులేమిటి? అనుభవంలో ఎవరున్నారు? పింఛను పుచ్చుకున్నాక అమెరికాలో మా మేనల్లుడి ఇంటికి వెళితే అక్కడా ఈ జబ్బు వదలలేదు. నిజం చెప్పాలంటే ఆ ఊళ్ళో ఇంకాస్త ముదిరింది!

మావాడు ఉండే ఊరు సెయింట్ లూయిస్. మిసిసిపీ నదికి పడమటి గట్టున ఉంది. కొంచెం ఎగువన మిస్సోరీ నది వచ్చి దానిలో కలుస్తుంది. వరదనాటి గోదావరిలా మట్టిరంగు నీళ్ళు. నదిమీద 1874లో కట్టిన ఈడ్స్ వంతెన ఉంది. రాజమండ్రి దగ్గరి రోడ్డు రైలు వంతెనలాగే కింద రైలు, పైన రోడ్డు. మనదానికన్నా నూరేళ్ళు పెద్దది.

కాని ఊరికి వచ్చినవాళ్ళంతా ముందు చూసేది గట్టుమీది తోరణాన్ని. ఎత్తు 630 అడుగులు, కాళ్ళ మధ్య ఎడమూ 630 అడుగులే. పైనంతా తళతళలాడే తుప్పుపట్టని ఉక్కు. గీసినవాడు ఈరో సారినెన్. ఫిన్లండు నుంచి చిన్నప్పుడే వలసవచ్చినవాడు. పని మొదలుకాకముందే 1961లో కన్నుమూశాడు. 1965 అక్టోబరు 28న రెండు కాళ్ళ కొసలూ పైన కలిపారు. పడమటికి సాగిన అమెరికాకు ఇది ద్వారమని ఆ దేశం కట్టుకున్న గుర్తు.

లోపలినుంచి పైకి పోవడానికి చిన్న చిన్న పెట్టెలున్నాయి. ఒక్కొక్కదానిలో ఐదుగురు. తల వంచి దూరాలి, మోకాళ్ళకు మోకాళ్ళు తగిలేటట్టు కూర్చోవాలి. మా మేనల్లుడి కూతురు, ఎనిమిదేళ్ళది, నా పక్కన ఇరుక్కుని, “తాతా, భయపడొద్దు, నాలుగు నిమిషాలే!” అని నాకు ధైర్యం చెప్పింది.

పైన సన్నని కిటికీలు. తూర్పున నది, దాని ఆవల ఇల్లినాయ్ రాష్ట్రం. పడమట నేరుగా కంటబడేది ఆకుపచ్చ గుమ్మటం ఉన్న పాత భవనం.

“అదేమిటిరా?” అన్నాను.

“పాత కోర్టు, మామా. నీకు నచ్చే చోటే. దిగి చూద్దాం,” అన్నాడు మావాడు.

దిగేలోపల ఈ తోరణానికి మూలమైన దస్తావేజు సంగతి చెప్పాలి. నా బుర్రంతా దానిమీదే ఉంది.

1803 ఏప్రిల్ 30 తేదీతో పారిస్‌లో రాసుకున్న ఒడంబడిక అది. అమ్మినది నెపోలియన్ ఏలుబడిలోని ఫ్రాన్సు. కొన్నది స్వాతంత్ర్యం ప్రకటించుకుని ఇరవయ్యేడేళ్ళయినా పూర్తికాని అమెరికా. ఆస్తి పేరు లూయిసియానా. ఇప్పుడు ఆ పేరుతో ఉన్న ఒక్క రాష్ట్రమే కాదు, మిసిసిపీకి పడమట ఉన్న మహాభూభాగం. సుమారు 8 లక్షల 28 వేల చదరపు మైళ్ళు. మన దేశంలో మూడింట రెండు వంతులకు దగ్గర. ధర కోటిన్నర డాలర్లు. ఎకరానికి మూడు సెంట్లు కూడా పడలేదు. ఎకరానికి నూరు సెంట్లని కొలుచుకునే మనకు ఈ లెక్క వింటే నవ్వొస్తుంది!

అమెరికా దూతలు లివింగ్‌స్టన్, మన్రోలకు అప్పజెప్పిన పని న్యూ ఆర్లియన్స్ రేవును, దాని చుట్టుపక్కలను బేరమాడడం. నెపోలియన్ మొత్తం తీసుకోండన్నాడు. ఎందుకంటే హైటీ దీవిలో బానిసలు తిరగబడ్డారు. వాళ్ళూ, పచ్చజ్వరమూ కలిసి అతని సైన్యాన్ని మట్టుపెట్టాయి. ఇంగ్లండుతో యుద్ధం నెత్తిమీదికి వచ్చింది. దీవి చేజారాక ఈ భూమిని కాపాడే ఓపిక అతనికి లేదు. బానిసల తిరుగుబాటువల్ల అమ్మకానికి వచ్చిన నేల ఇది. ఈ సంగతి పాఠకులు జ్ఞాపకం పెట్టుకోవాలి.

ఇక నా వృత్తి ప్రకారం చూస్తే ఈ దస్తావేజునిండా లోపాలే. మూడోవాడికి ఇవ్వనని ఫ్రాన్సు అంతకుముందే స్పెయినుకు మాట ఇచ్చింది. స్వాధీనం కూడా ఫ్రాన్సుది కాదు. సెయింట్ లూయిస్‌లో అప్పటికి ఎగురుతున్నది స్పెయిను జెండా. 1804 మార్చి 9న దాన్ని దించి ఫ్రాన్సు జెండా ఎత్తారు. మరునాడు దాన్నీ దించి అమెరికా జెండా ఎత్తారు. ఒకరోజు తేడాలో ఊరు మూడు జెండాలు చూసింది! హద్దులు స్పష్టంగా రాయలేదు. కొనే అధికారం తనకు రాజ్యాంగం ఇచ్చిందా అని అధ్యక్షుడు జెఫర్సన్‌కే అనుమానం. అయినా సెనేట్ అనుకూలంగా 24, వ్యతిరేకంగా 7 ఓట్లతో సరేనంది.

అనుభవంలో ఉన్నవాళ్ళ మాటో? ఓసేజ్ మొదలైన ఆదివాసీ జాతులను ఎవరూ అడగలేదు. 1808లో ఓసేజ్‌లు మిస్సోరీలో చాలా భాగం ఒడంబడికమీద వదులుకోవలసి వచ్చింది. ఆపైన కాన్సాస్‌కూ, అక్కడినుంచి ఓక్లహోమాకూ తరలవలసి వచ్చింది. నదికి ఆవల కహోకియాలో తొమ్మిదివందల ఏళ్ళకు పూర్వమే మట్టిదిబ్బలు పేర్చి పెద్ద పట్నం కట్టినవాళ్ళున్నారు. అక్కడి పెద్ద దిబ్బ నూరడుగులు. అలాంటి దిబ్బలు సెయింట్ లూయిస్‌లోనూ ఉండేవి. వాటిలో పెద్దదాన్ని 1869 నాటికి తవ్వి చదును చేసేశారు.

ఈ అన్యాయం మనకు వింతేమీ కాదు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1800లో, నిజాము మా సీమ జిల్లాలను కుంఫిణీకి రాసిచ్చాడు. అందుకే దత్తమండలాలన్నారు. మా తాతముత్తాతలను మాత్రం ఎవరు అడిగారు?

కాని ఒక తేడా ఉంది. కుంఫిణీకి మేము వలస ప్రజలం. అమెరికాలో 1787లోనే ఒక చట్టం చేశారు. ఒహాయో నదికి వాయవ్యాన ఉన్న నేలలో జనం 60 వేలకు చేరితే ఆ ప్రాంతం పాతవాటితో సమానమైన రాష్ట్రం కావచ్చు. అక్కడ బానిసత్వం కూడదు. పడమటి నేలను కాలనీగా ఉంచక సమానహోదా ఇవ్వడం అప్పటికి గొప్ప ఆలోచన. చిక్కంతా అందులోనే వచ్చింది.

రాష్ట్రాలు పుట్టడం మనకు తెలుసు. 1953లో చూశాం, 1956లో చూశాం, 2014లో చూశాం. అయితే మన రాజ్యసభలో స్థానాలు చాలావరకు జనాభానుబట్టి. అక్కడ ఎంత చిన్న రాష్ట్రానికైనా సెనేట్‌లో ఇద్దరు. అంటే పడమట కొత్త రాష్ట్రం పుట్టినప్పుడల్లా ఢిల్లీలో త్రాసు ఊగినట్టు వాషింగ్టన్‌లో త్రాసు ఊగేది. బానిసలు ఉండే రాష్ట్రమా, లేనిదా? 1819 చివరికి అటు పదకొండు, ఇటు పదకొండు. అప్పుడు మిస్సోరీ బానిసలతో సహా తలుపు తట్టింది.

1820లో రాజీ కుదిరింది. మిస్సోరీ బానిస రాష్ట్రం, మెయిన్ స్వేచ్ఛా రాష్ట్రం. మిగిలిన లూయిసియానాలో 36 డిగ్రీల 30 నిమిషాల గీతకు ఉత్తరాన బానిసత్వం లేదు. దస్తావేజులో రాయని హద్దు ఇలా వచ్చి పడింది. భూమిమీద కాదు, మనుషులమధ్య! ముసలివాడైన జెఫర్సన్ ఆ వార్త విని, అర్ధరాత్రి అగ్గి గంట మోగినట్టు ఉలిక్కిపడ్డానని ఒక జాబులో రాశాడు. తాను కొన్న నేలే తన దేశాన్ని చీలుస్తుందని ఆయనకు తోచింది.

ఇంతలో పెట్టె కిందికి దిగింది. ఎండలో నడిచి కోర్టు మెట్ల దగ్గరికి వెళ్ళాం. వారసుల పంపకాల్లో ఈ మెట్లమీదే బానిసలను వేలం వేసేవాళ్ళట. నేను రాసిన వేల దస్తావేజుల్లో ఇల్లు, పొలం, తోపు, బావి ఉన్నాయి. మనిషిని ఆస్తి పట్టికలో రాయడం ఎలా ఉంటుందో ఊహించుకుంటే చెయ్యి వణికింది.

భవనం పక్కన ఒక దంపతుల విగ్రహం. డ్రెడ్ స్కాట్, హారియట్ స్కాట్. యజమాని సైన్యంలో వైద్యుడు. స్కాట్‌ను ఇల్లినాయ్‌లోనూ, గీతకు ఉత్తరాన ఉన్న ఫోర్ట్ స్నెల్లింగ్‌లోనూ ఉంచాడు. స్వేచ్ఛా భూమిమీద బతికాం కాబట్టి మేము స్వతంత్రులమని 1846లో భార్యాభర్తలిద్దరూ ఈ కోర్టులోనే దావా వేశారు. అదే ఏడు అమెరికా మెక్సికోతో యుద్ధానికి దిగి ఇంకా పడమటికి పోతోంది! 1850లో జ్యూరీ స్కాట్‌ను విడుదల చేసింది. 1852లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. వ్యాజ్యం వాషింగ్టన్ చేరింది. 1857 మార్చి 6న ప్రధాన న్యాయమూర్తి టానీ తీర్పు చెప్పాడు. నల్లవాడు అమెరికా పౌరుడు కాలేడు. కాబట్టి దావా వేసే హక్కే లేదు. పైగా టెరిటరీల్లో బానిసత్వాన్ని నిషేధించే అధికారం కాంగ్రెసుకు లేదు. ముప్పైఏడేళ్ళనాటి గీత మొదటినుంచీ చెల్లనిదేనన్నమాట.

ఇక రాజీకి చోటెక్కడ? టెరిటరీల్లోకి బానిసత్వాన్ని పోనివ్వమన్న పక్షం 1860లో లింకన్‌ను గెలిపించింది. మరుసటి ఏడు యుద్ధం. ఆరు లక్షలకు పైగా చనిపోయారు. కోటిన్నర డాలర్లకు కొన్న నేల అసలు వెల అది. 1865లో బానిసత్వం పోయింది. 1868లో పద్నాలుగో సవరణ వచ్చింది. ఆ దేశ చట్టానికి లోబడి అక్కడ పుట్టినవాళ్ళు పౌరులని రాసుకున్నారు. టానీ తీర్పుకు అదీ జవాబు.

సాయంత్రం కాల్వరీ శ్మశానానికి వెళ్ళాం. స్కాట్ 1857 మేలో విడుదలయ్యాడు. పట్టుమని ఏడాదిన్నర కూడా స్వేచ్ఛ అనుభవించలేదు. 1858 సెప్టెంబరులో పోయాడు. సమాధిరాయిమీద వరసగా రాగిరంగు పెన్నీలు పెట్టి ఉన్నాయి. వాటిమీద లింకన్ బొమ్మ ఉంటుంది. వచ్చినవాళ్ళు అలా పెట్టిపోవడం ఆనవాయితీ.

“ఈయనెవరు తాతా?” అంది పిల్ల.

“నేనూ మనిషినే, ఈ దేశంవాణ్ణే అని కోర్టులో అడిగినవాడమ్మా.”

“కాదన్నారా?”

“అప్పుడు కాదన్నారు. తరవాత చట్టం మార్చుకున్నారు.”

అది ఆలోచించి, “నేను ఇక్కడే పుట్టాగా! నన్ను ఎవరైనా అడిగారా?” అంది.

మావాడు నావైపు చూశాడు. మావాడు వీసామీద వచ్చి ఉద్యోగం చేస్తున్నవాడు. పిల్ల మాత్రం ఈ ఊరి ఆసుపత్రిలో పుట్టిననాడే ఆ దేశపు పౌరురాలైంది. ఏ దరఖాస్తూ లేదు, ఏ సిఫారసూ లేదు. బానిసగా పుట్టి, పదకొండేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగి ఓడిపోయినవాడి కేసు లేకపోతే, అంత స్పష్టంగా ఆ మాట రాసుకునేవారో లేదో! కడప జిల్లా కుటుంబానికి ఈ సమాధితో ఉన్న బాంధవ్యం అది. నాకు అప్పటిదాకా తెలియదు.

“నిన్ను అడక్కుండా ఉండడానికే వీళ్ళు ముందు అడిగారమ్మా,” అన్నాను.

మావాడు జేబులోంచి ఒక పెన్నీ తీసి దాని చేతిలో పెట్టాడు. అది రాయిమీద ఉన్న వరస చివర, బొమ్మ పైకి వచ్చేటట్టు, జాగ్రత్తగా సర్ది పెట్టింది.