కాఫీ యంత్రమున ఆవిరి మందగించినచో

మా నార్కట్‌పల్లి ప్రాంతమున బోరు నీరు కాచిన గిన్నె అడుగున నాలుగు దినములలో తెల్లని పొర కట్టును. గిన్నెకైనచో చింతపండు పట్టించి తోమివేయుదుము. చేయి దూరని యంత్రములో అట్టి సున్నము పేరుకొనినచో దాని గతి యేమి?

మా యింట నొక చిన్న ఎస్‌ప్రెసో యంత్రము కలదు. మాది చాయసీమ, విజయవాడ బాట పొడుగునను చాయ హోటళ్ళే. అయినను ఎనుబదినాలుగేండ్ల మా అత్తమ్మకు ఉదయమున సయించునది ఆ నురుగుకాఫీ యొక్కటియే. అది కడుపున పడనిదే ఆమె మందుబిళ్ళ ముట్టరు. ఈ వేసవిలో ఆవిరి క్షీణించి, పాలు నురుగుటకు మారు నీళ్ళగుచుండెను. బాగుచేయువాడు వచ్చి, “బాయిలర్ పోయిందమ్మా, కొత్తది ఎయ్యాలె” అని యంత్రము వెలలో సగము చెప్పెను. ఒక్క మరయైనను విప్పకయే చెప్పిన మాట నాకు నచ్చలేదు.

ఇట్టి చిన్న యంత్రములలో పెక్కింటికి నీరు కాగు పాత్ర యొక్కటే. కాఫీకి సుమారు 93 డిగ్రీల వేడి చాలును. ఆవిరికి 120 దాటవలెను. కావున మీట మార్చిన వెంటనే పాలు పెట్టరాదు. దీపము సూచించువఱకు ఆగి, గొట్టములో నిలిచిన నీటిని వేఱొక గిన్నెలోనికి వదలి, పొడి ఆవిరి వచ్చినపుడే పాలు పెట్టవలెను. సాయంకాలము కరెంటు నీరసించినపుడు మఱికొంత ఓపిక పట్టవలెను. 1901 నాటి బెజ్జెరా యంత్రమున ఆవిరియే నీటిని కాఫీపొడి గుండ త్రోసెడిది. కాఫీ మాడు రుచి కొట్టెడిదట. ఇప్పుడా పని పంపుది. రుచికి నా ఓటు నేటికిని ఇత్తడి ఫిల్టరుకే యనుకొనుడు!

రెండవది ముక్కు. ఆవిరి కట్టగానే గొట్టములోని ఆవిరి చల్లబడి నీరగును. ఆ వెలితిలోనికి పాలు పైకి పీల్చుకొనబడి, ఎండి రాయియగును. ముక్కు విప్పి వేడినీట నానబెట్టి, సూదితో రంధ్రములు పొడువవలెను. ముక్కు లేకుండ, దూరముగా నిలిచి, ఖాళీ గిన్నెలోనికి ఆవిరి వదలి చూడుడు. జోరుగా వచ్చినచో దోషము ముక్కుదే. మా యంత్రమున అపుడును రాలేదు; కావున దోషము లోపలిదని తెలిసినది.

అంతట నిమ్మ ఉప్పు తెప్పించితిని. యంత్రముతో వచ్చిన పుస్తకము అనుమతించునో లేదో ముందు చూచుకొనవలెను. లీటరు నీటికి 20 గ్రాములు కలిపి, కొంత లోపలికి లాగించి, ఇరువది నిమిషములు ఆపి, తక్కినది వెడలించితిమి. గుడ్డుపెంకు ముక్కలవంటి తునుకలు రాలినవి. మఱల నొకమాఱు చేసి, మంచినీటితో రెండు తొట్లు కడిగిన పిదప ఆవిరి బుసకొట్టెను. బాయిలరుకేమియు కాలేదు.

ఒక్క హెచ్చరిక. మరమూత గల యంత్రములను వేడి మీద విప్పుట ప్రెషరు కుక్కరు మూత పీకుటవంటిదే. విద్యుత్తు తీసి, ఆవిరి వదలి, పూర్తిగా చల్లారిన పిమ్మటనే చేయి వేయవలెను.

నల్లగొండ నీరనగానే ఫ్లోరైడు తలపునకు వచ్చును. కాని సున్నపు పొర వేఱు, ఫ్లోరైడు వేఱు. నీరు కాచిన ఫ్లోరైడు పోదు. సున్నము మాత్రము కొంత అడుగున పేరుకొనును. అందుచేత కాచి తేర్చిన నీటినే యంత్రమున పోయుచున్నాము. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ నల్లా నీరు దొరికిన దినమున బోరు జోలికి పోము. నిమ్మ ఉప్పు పెట్టు దినము మఱవకుండుటకు కోడలు చెరువుగట్టు అమావాస్యను గుర్తు పెట్టుకొనినది. రెండు అమావాస్యల కొకమాఱు. మధ్యది గుడికి మాత్రమే.