మా అబ్బాయి మొదటి టాక్స్ రిటర్న్

మా పాప ఇదే స్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతోంది. మా అబ్బాయి కూడా ఇక్కడే పదో తరగతి పూర్తిచేశాడు. 2023 ఆగస్టులో ఎమ్మెస్ కోసం అమెరికాలోని టెక్సాస్ వెళ్లాడు. మనలో చాలామంది పిల్లల్ని అదే దారిలో పంపాలనుకుంటాం. అందుకే మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెబుతున్నాను.

2025 ఫిబ్రవరిలో ఒక ఆదివారం వాడు ఫోన్ చేశాడు. అంతకు ముందు ఏడాదంతా క్యాంపస్ క్యాంటీన్‌లో పనిచేశాడు. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి చేయకూడదు. ఏడాదికి వచ్చిన జీతం 9,200 డాలర్లు. అందులో ఆదాయపు పన్ను కింద 610 డాలర్లు కట్ చేశారు.

"నాన్నా, రిటర్న్ వేస్తే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. రూమ్మేట్ చెప్పినట్టు ఫోన్ యాప్‌లో వేస్తే ఇంకో వెయ్యి ఎక్కువ వస్తుందట. పోయినేడు వాడికి వచ్చింది" అన్నాడు.

వెయ్యి డాలర్లంటే ఎనభై వేల పైమాటే. నెలనెలా వాడి లోన్ వడ్డీ కట్టేది నేనే. నిజం చెప్పొద్దూ, నాకూ ఆశ పుట్టింది. అయినా "అది తప్పు కాదట్రా?" అన్నాను.

వాడు నవ్వాడు. "మరి నువ్వు మామయ్య దగ్గర అద్దె రసీదులు తీసుకుంటావుగా?"

నా నోట మాట రాలేదు. సొంతింట్లో ఉంటూనే బావమరిది చేత అద్దె రసీదుల మీద సంతకం పెట్టించి, ఆఫీసులో ఇచ్చి, ఏటా టాక్స్ తగ్గించుకుంటున్నాను. ఇంటర్ చదివే రోజుల్లో వాటి మీద రెవెన్యూ స్టాంపులు అంటించింది మా వాడే.

"నేను చేసింది తప్పేరా. నువ్వు మాత్రం చెయ్యకు. ముందు యూనివర్సిటీలో అడుగు" అన్నాను.

మర్నాడే అక్కడి విదేశీ విద్యార్థుల ఆఫీసుకు వెళ్లాడు. ఎఫ్-1 మీద వెళ్లినవాళ్లను సాధారణంగా మొదటి 5 క్యాలెండర్ సంవత్సరాలు టాక్స్ లెక్కలో నాన్ రెసిడెంట్‌గానే చూస్తారు. డిసెంబరులో దిగినా ఆ ఏడాది ఒకటిగా లెక్కే. వాళ్లు వేయాల్సింది ఫారం 1040-ఎన్ఆర్. రూమ్మేట్ వేసింది అక్కడివాళ్ల ఫారం 1040. పైగా తనకు వర్తించని కాలేజీ ఫీజు రాయితీ కూడా చూపించాడు. తర్వాత 1040-ఎక్స్ వేసి, ఆ వెయ్యీ వడ్డీతో తిరిగి కట్టాడు.

మా వాడికి 610 డాలర్లు న్యాయంగానే వచ్చాయి. భారత్, అమెరికాల మధ్య ఉన్న పన్ను ఒప్పందం 21వ అధికరణం ప్రకారం మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ వర్తిస్తుంది. 2024కి అది 14,600 డాలర్లు. వాడి జీతం అంతకన్నా తక్కువ కాబట్టి కట్టాల్సిన పన్ను సున్నా.

మన పిల్లలకు ముందే చెప్పాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. సంపాదన ఏమీ లేకపోయినా ఏటా ఫారం 8843 పంపాలి. మా వాడు మొదటి ఏడాది అది పంపనే లేదు, తర్వాత పంపాడు. జనవరి నెలాఖరుకల్లా యజమాని డబ్ల్యూ-2 ఇస్తారు, అది మన ఫారం 16 లాంటిది. జీతం ఉన్నవాళ్లకు గడువు ఏప్రిల్ 15. నాన్ రెసిడెంట్‌గా ఉన్న ఎఫ్-1 విద్యార్థి జీతంలో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద 7.65 శాతం కట్ చేయకూడదు. పొరపాటున చేస్తే ముందుగా యజమానినే వెనక్కి అడగాలి. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. చాలా రాష్ట్రాల్లో ఉంది, అక్కడ దానికి వేరే రిటర్న్ వేయాలి.

నా సంగతి చెప్పాలిగా. ఆ ఏడాది ఆఫీసులో అద్దె రసీదులు ఇవ్వలేదు. సరిదిద్దుకోవడానికి గడువు మిగిలిన ఏళ్లకు ఆడిటర్ గారి చేత అప్‌డేటెడ్ రిటర్నులు వేయించి తేడా కట్టాను. అది వెయ్యి డాలర్ల కంటే తక్కువేం కాలేదు.

జూన్‌లో ఫారం 16 రాగానే పాపను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో గడీ చదివించాను.

"నాన్నా, ఇంటద్దె మినహాయింపు దగ్గర సున్నా ఉందేంటి?" అని అడిగింది.

"మనది సొంతిల్లే కదమ్మా" అన్నాను.