హద్దులు గీసే చేయి

ఆంగ్లంలో జెర్రీమాండరింగ్ అని ఒక మాట ఉన్నది. పదవ్యుత్పత్తి అంటే చెవి కోసుకునే నాబోటి తెలుగు పండితుడికి దాని పుట్టుక మహా సరదా. 1812లో అమెరికాలోని మాసచూసెట్స్ గవర్నరు ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ, తన పక్షానికి అనుకూలించేలా రాష్ట్ర సెనేటు నియోజకవర్గాల హద్దులు మార్చే చట్టంపై సంతకం చేశాడు. వాటిలో ఎసెక్స్ ప్రాంతపు నియోజకవర్గం ఒకటి వంకరలు తిరిగి, సాలమాండర్ అనే బల్లివంటి ఉభయచరాన్ని తలపించింది. బోస్టన్ పత్రిక ఒకటి దానికి రెక్కలూ గోళ్ళూ తగిలించి బొమ్మ వేసింది. గవర్నరు పేరుకు ఆ జంతువు తోక అతికి కొత్త మాట పుట్టింది. ఉత్తరపదం తల తెగిన ఈ సమాసానికి మన వ్యాకరణంలో సూత్రం వెతకడం వృథా. పాపం, గెర్రీ కూడా లోకుల నోట జెర్రీ అయి కూర్చున్నాడు.

కిటుకు తెలియాలంటే నల్లబల్ల దగ్గరికి వెళ్ళాలి. ఒక ఊళ్ళో పాతికమంది ఓటర్లు, ఐదు వార్డులు, వార్డుకు ఐదుగురు అనుకోండి. తెల్లజట్టువారు పదిహేనుమంది, ఎర్రజట్టువారు పదిమంది. తెల్లవారిలో తొమ్మిదిమందిని రెండు వార్డుల్లో కుక్కి, తక్కిన ఆరుగురిని మూడు వార్డులకు ఇద్దరేసి చొప్పున చీల్చితే, ఆ మూడూ ఎర్రజట్టువే! ఒక్క ఓటూ దొంగిలించనక్కరలేదు.

ఇటువంటి పక్షపాతపు పటాలపై తీర్పు చెప్పడం ఫెడరల్ న్యాయస్థానాల పని కాదని అమెరికా సుప్రీంకోర్టు 2019లో తేల్చివేసింది. ఇక మందు రాష్ట్రాల్లోనూ నగరాల్లోనూ వెతుక్కోవలసిందే. లాస్ ఏంజెలెస్ కథ నాకు అందుకే ఆసక్తి కలిగించింది. ఆ నగరసభకు పదిహేను స్థానాలు. ఎన్నికలలో పార్టీ పేర్లుండవు. 2021లో హద్దులు సవరించినప్పుడు నగర నాయకులే నియమించిన సంఘం ఒకటి పటం సూచించింది గాని, చివరి మాట సభ్యులదే. ఏ విశ్వవిద్యాలయం ఎవరి పరిధిలోకి రావాలన్నది కూడా తగవే! ఈ హద్దుల గురించి ముగ్గురు సభ్యులూ ఒక కార్మికనాయకుడూ నాలుగు గోడల మధ్య మాట్లాడుకున్న మాటలు 2022 అక్టోబరులో బయటపడ్డాయి. అందులోని జాతిదూషణలు విని నగరం నివ్వెరపోయింది. సభాధ్యక్షురాలు న్యూరీ మార్టినెజ్ రాజీనామా చేశారు. పార్టీ గుర్తు తీసివేసినంత మాత్రాన స్వార్థం పోదని అప్పుడు తెలిసింది. 2024 నవంబరులో అక్కడి ఓటర్లు పటం గీసే అధికారాన్ని స్వతంత్ర సంఘానికి అప్పగించారు.

లాస్ ఏంజెలెస్‌కు సొంత చార్టరు ఉన్నది. సాధారణంగా నగరాలకూ కౌంటీలకూ కాలిఫోర్నియా రాష్ట్రం 2019లో వేరే చట్టం చేసింది. వాడలను వీలైనంతవరకు చీల్చరాదు; ఉమ్మడి ప్రయోజనాలను లెక్కించేటప్పుడు పార్టీలతోనూ పదవిలో ఉన్నవారితోనూ గల బంధాలు లెక్కలోకి రావు; కనీసం నాలుగు బహిరంగ విచారణలు జరపాలి, వాటిలో ఒకటి సెలవురోజునో సాయంత్రం ఆరు దాటాకనో. కూలికి పోయేవాడు కూడా వచ్చి మాట్లాడాలన్న ఆ ఆలోచన నాకు చాలా నచ్చింది. 2023లో మరో చట్టం, తుదిపటం ఎందుకలా గీశారో కారణాలతో నివేదిక ఇవ్వాలన్నది.

అదే రాష్ట్రంలో 2025 నవంబరులో, టెక్సస్ పోకడకు జవాబుగా, కాంగ్రెసు స్థానాల పటాన్ని మాత్రం స్వతంత్ర సంఘం చేతినుంచి తాత్కాలికంగా తప్పించడానికి ఓటర్లు ఒప్పుకున్నారు. స్థానిక పటాలకు అది వర్తించదు. అయినా నా మనసుకు అది రుచించలేదు.

మా తాతగారి కాలంలో అన్నదమ్ముల పంపకాలలో పెద్దవాడు వాటాలు వేస్తే చిన్నవాడు ముందు కోరుకునేవాడు. గట్టు వేసే చేతికి కోరుకునే హక్కు లేకపోతే గట్టు దానంతటదే తిన్నగా పడుతుంది. నియమాలు ఎన్ని రాసినా, ఆ చేయి ఎవరిదన్నదే నాకు ముఖ్యంగా తోస్తుంది.

మన మునిసిపాలిటీలలో వార్డుల హద్దులు గీసేది ప్రభుత్వాధికారులు. వారి పైన ఉండేది పాలకపక్షం. ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలు కోరుతారు, నిజమే. కాని రాజ్యాంగంలోని 243-జడ్‌జీ అధికరణం ప్రకారం వార్డుల విభజన చట్టాల చెల్లుబాటును న్యాయస్థానాలు ప్రశ్నించరాదు. అప్పుడిక ఆ అభ్యంతరాల గడువే సామాన్యుడికి ముఖ్యమైన వాకిలి. మా వీధిని నడిమికి రెండు వార్డులుగా చీల్చినప్పుడు నేనూ ఒక అర్జీ పట్టుకుని వెళ్ళాను. కుళాయి ఒక వార్డులో, దాని ఫిర్యాదు పెట్టెవలసినవారు వేరొక వార్డులో ఉంటారని చక్కని చేతివ్రాతతో రెండు పుటలు రాశాను. గుమాస్తాగారు ముద్ర వేసి రసీదు ఇచ్చారు. తుదిపటంలో గీత ఉన్నచోటనే ఉన్నది. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఆ రసీదు ఇంకా నా దగ్గరే ఉన్నది.