ఆర్డర్‌లో లేని ఆడ ఎలుకలు

మైనస్ 20 డిగ్రీల చలిపెట్టెలో చుంచెలుక మెదడు గడ్డకట్టి ఉంది. చిక్కుడు గింజంత ఉంటుంది, అరగ్రాము కూడా తూగదు. పొరలు కోసే ఆవిడ చక్రం తిప్పగానే బ్లేడు మీద 30 మైక్రాన్ల పొర లేచింది. వెంట్రుక మందంలో సగం కూడా లేదది. చుట్టుకుపోకముందే సన్న కుంచెతో అద్ది ఉప్పునీటి గుంటలోకి వదిలింది. ఊపిరి తగిలితే పొర చెదురుతుందని, అది నీళ్లలో పడేదాకా పెదవి విప్పదు. హైదరాబాద్‌లోని ఆ ప్రయోగశాలను చూసి రమ్మని పత్రికవాళ్లు పంపితే, నేను గంటసేపు ఆ చేతుల దగ్గరే ఆగిపోయాను.

మైక్రోస్కోప్‌లో గోధుమరంగు చుక్కల్లా కనిపించినవి మైక్రోగ్లియా, మెదడుకు కాపలా కాసే రోగనిరోధక కణాలు. 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త పియో దెల్ రియో ఒర్తెగా వెండి లవణంతో రంగు పట్టించి వీటిని వేరుగా గుర్తించాడు. మామూలు మేత తిన్న ఎలుకలో అవి నారువేళ్లలా కొమ్మలు చాచుకున్నాయి. పంది కొవ్వు దట్టించిన మేత తిన్నదానిలో, ఆకలిని అదుపుచేసే హైపోథాలమస్ దగ్గర, కొమ్మలు ముడుచుకుని ఉబ్బిపోయాయి.

"అక్కా, ఆడవాటి పొరలు ఏ ట్రేలో పెట్టారు?" వెనక నుంచి ఓ విద్యార్థిని అడిగింది.

"ఆర్డర్‌లో మగవే రాశారమ్మా. ఎప్పుడూ మగవే రాస్తారు."

ఆ జవాబు మింగుడుపడలేదు. అసలు విషయమంతా ఆడ, మగ తేడాలోనే ఉంది మరి! కొవ్వు మేత పెడితే మగ చుంచెలుకల మైక్రోగ్లియా రెచ్చిపోయి ఒళ్లు పెరుగుతుందని, ఆడవాటిలో సీఎక్స్‌3సీఆర్‌1 అనే రిసెప్టర్ వాటిని శాంతంగా ఉంచుతుందని సియాటిల్ పరిశోధకులు 2017లో చూపించారు. ఆ రిసెప్టర్ లేకుండా చేస్తే ఆడవీ లావెక్కాయి. నొప్పి విషయంలోనూ ఇంతే. మాంట్రియల్‌లో జెఫ్రీ మోగిల్ బృందం 2015లో మైక్రోగ్లియాను అణచి చూస్తే మగ ఎలుకలకు ఉపశమనం దొరికింది, ఆడవాటికి దొరకలేదు.

ఆడవాటికి నాలుగైదు రోజులకోసారి హార్మోన్లు మారుతాయి, లెక్కలు చెదురుతాయి అన్నది పాత సాకు. 2014లో 293 పరిశోధన పత్రాలు తిరగేసి చూస్తే, మగవాటికన్నా ఆడవాటిలో హెచ్చుతగ్గులు ఎక్కువేమీ లేవని తేలింది. అయినా అలవాటు పోలేదు. అమెరికాలో అల్జీమర్స్ బాధితుల్లో దాదాపు మూడింట రెండొంతుల మంది స్త్రీలే. మగ ఎలుకల మెదళ్లు మాత్రమే కోసి, మెదడు బాగుండాలంటే ఏ కొవ్వు తినాలో వాళ్లకు చెప్పడం అన్యాయం. ఇంత ఓపికగా కోసే చేతుల కష్టం కూడా సగమే ఫలిస్తోంది.

విద్యార్థిని కొత్త ఫారం తీసుకుని "ఆడవి 20" అని రాసి గైడ్ బల్ల మీద పెట్టింది. ఆవిడ మళ్లీ చక్రం తిప్పింది.