నాకు తెలుసులే!

పిల్లలూ, నేను చాలా ఏళ్ళు బడిలో సైన్సు పాఠాలు చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరయాను. తెలియకపోతే అడగమని పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఆ మాట నేనే మరిచిపోయిన సంగతి ఒకటి చెబుతాను.

2019లో నేను ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరంలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళాను. వాళ్ళ పెరట్లో ఈతకొలను ఉంది. దానిలో నీరు కొంచెం ఉప్పగా ఉంటుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటే, ఈ కొలనులో 4 గ్రాములే. ఆ నీరు గొట్టాలగుండా పోయేటప్పుడు ఒక చిన్న పెట్టెలోకి వస్తుంది. దాన్ని సెల్ అంటారు. అందులోని టైటానియం రేకులకు విద్యుత్తు అందగానే ఉప్పునుంచి క్లోరిన్ పుట్టి, నీటిలోని సూక్ష్మజీవులను చంపుతుంది. పని తీరాక చాలావరకు అది మళ్ళీ ఉప్పుగానే మారుతుంది. అందుచేత ఉప్పు త్వరగా తరగదు.

ఒకనాడు మా అల్లుడు ఆఫీసుకు వెళ్ళాక, ఆ రేకులకు తెల్లని పొర పట్టి ఉండటం చూశాను. శుభ్రం చేద్దామని విద్యుత్తు ఆపి, సెల్ ఊడదీసి, స్క్రూడ్రైవరుతో గీకసాగాను.

"తాతయ్యా, నాన్న దాన్ని ఎప్పుడూ గీకడు," అన్నాడు మా మనవడు.

"నాకు తెలుసులే!" అన్నాను.

తెల్లని పొర రాలింది. కాని దానితోబాటు రేకుల మీది నల్లని పూత కూడా గీతలు గీతలుగా లేచిపోయింది! నా గుండె గుభేలుమంది. సెల్ తిరిగి బిగించి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను.

శనివారంనాడు అల్లుడు సెల్ విప్పి చూశాడు. "దీన్ని గీకిందెవరు?" అంటూ కొడుకు వంక చూశాడు. వాడు తల వంచుకున్నాడే గాని, నా పేరు చెప్పలేదు. తప్పు దాచారని బడిలో నేను ఎంతమంది పిల్లలను నిలబెట్టానో నాకు జ్ఞాపకం వచ్చింది.

"వాడు కాదు, నేనే," అన్నాను.

అల్లుడు కోపగించుకోలేదు. "పోనీలెండి, మామయ్యగారూ. ఆ పూతే క్లోరిన్ పుట్టించేది. అందులో రుథేనియం వంటి ఖరీదైన లోహాలుంటాయి. పోయిన పూత మళ్ళీ రాదు," అన్నాడు.

తరవాత అతను చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు పెట్టుకుని, మనవణ్ణి దూరంగా నిలబెట్టాడు. పది వంతుల నీటిలో ఒక వంతు హైడ్రోక్లోరికామ్లం పోశాడు. నీటిలోనే ఆమ్లం పోయాలి. ఆమ్లంలో నీరు పోయరాదు. ఆ ద్రావకంలో రేకులు మునగగానే బుసబుసమని బుడగలు వచ్చాయి. బుడగలు ఆగాక సెల్ తీసి మంచినీటితో కడిగాడు. పొర మాయమయింది! అయితే ఇదీ మాటిమాటికీ చేస్తే పూత అరిగిపోతుందట. పొర కనిపించినప్పుడే చెయ్యాలట.

ఆ తెల్లని పొర సున్నపు పదార్థం. దానిమీద ఆమ్లం పడితే బొగ్గుపులుసు వాయువు బుడగలుగా వస్తుందని నల్లబల్లమీద ఎన్నిసార్లు రాశానో! పాఠం నాకు వచ్చు. పనికి మాత్రం అక్కరకు రాలేదు. ఒక్కమాట అడిగి ఉంటే సరిపోయేది.

ఆ సాయంకాలం మనవణ్ణి, "నా పేరు ఎందుకు చెప్పలేదురా?" అని అడిగాను.

"నువ్వే చెబుతావని, తాతయ్యా!" అన్నాడు వాడు.