రెడిచ్‌లో నాన్న బుల్లెట్

బర్మింగ్‌హామ్ వచ్చి ఆరేళ్లయినా, దగ్గర్లోనే ఉన్న రెడిచ్‌కి మొన్న సెలవుల్లోనే వెళ్లాం. ఒకప్పుడు సూదుల తయారీకి పేరుపడ్డ ఊరది. మా అమ్మాయికి అక్కడి ఫోర్జ్ మిల్ సూదుల మ్యూజియం చూపించి వస్తూ, "ఒక్క పది నిమిషాలు" అని మావారిచేత కారు హ్యూవెల్ రోడ్డుకి తిప్పించాను. తెనాలిలో ఉన్న మా నాన్న బుల్లెట్‌కి పుట్టిల్లు అదే మరి.

రాయల్ ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీ ఉండేది అక్కడే. 1955లో మద్రాసు కంపెనీతో కలిసి మన దగ్గరా బుల్లెట్లు తయారుచేయడం మొదలుపెట్టారు. 1967లో రెడిచ్ ఫ్యాక్టరీ మూతపడింది, మద్రాసుది ఆగలేదు. ఇప్పుడక్కడున్నవి షెడ్లు, వర్క్‌షాపులు. ఎన్‌ఫీల్డ్ అన్న పేరు మాత్రం ఆ పారిశ్రామికవాడకి మిగిలింది.

చిన్నప్పుడు కొన్ని ఆదివారాలు మా వాకిట్లో టాపెట్ సెట్టింగ్ జరిగేది. క్యామ్ తిరిగితే టాపెట్ లేస్తుంది, అది పుష్ రాడ్‌ని పైకి తోస్తుంది, రాకర్ వంగి వాల్వ్ తెరుచుకుంటుంది. బీఎస్సీలో లీవర్లు చదవకముందే నాకది తెలుసు. ఇంజిను చల్లగా ఉండాలి. ప్లగ్ తీసి, రెండు వాల్వులూ మూసుకుని పిస్టన్ పైకి వచ్చేదాకా తిప్పాలి. పక్కనున్న చిన్న మూత తీసి మూడు స్పానర్లు పట్టాలి. నాన్నకున్నవి రెండు చేతులే కాబట్టి మూడోది నాది.

కొలవడానికి గేజి ఉండదు. రాడ్ వేళ్ల మధ్య హాయిగా తిరగాలి, పైకీ కిందకీ కదలకూడదు. వదులైతే టకటకమంటుంది. బిగువైతే వాల్వ్ పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ పోతుంది, చివరికి వాల్వే కాలిపోతుంది. లాక్ నట్ బిగించాక మళ్లీ తిప్పి చూడాలి. ఆ బిగింపులోనే సెట్టింగ్ మారిపోతుంటుంది. తర్వాత వచ్చిన బుల్లెట్లలో హైడ్రాలిక్ లిఫ్టర్లు పెట్టారు. అవి నూనె ఒత్తిడితో వాటంతటవే సర్దుకుంటాయి. నాన్న బండికి మాత్రం మనిషి వేళ్లే కావాలి.

పోయినేడు ఇంటికెళ్లినప్పుడు బండి స్టార్ట్ అవడానికి మొరాయించింది. నాన్న రాడ్ పట్టుకుని "తిరుగుతోంది కదమ్మా" అన్నాడు. నేను చూస్తే బిగుసుకుపోయి ఉంది. షుగరు వల్ల ఆయన వేళ్ల కొసలకి స్పర్శ తగ్గింది. ఇద్దరం ఏమీ అనుకోలేదు. నేను కూర్చున్నాను, మూడో స్పానర్ నాన్న పట్టుకున్నాడు.

రెడిచ్ నుంచి వీడియో కాల్ చేసి ఆ షెడ్లన్నీ చూపించాను.

"ఫ్యాక్టరీ ఏదమ్మా?"

"ఇదే నాన్నా."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "బండికి బేరం వచ్చింది. ఊరికే పడుంటోంది కదా, ఇచ్చేయనా?" అన్నాడు.

గొంతు సర్దుకోవడానికి నాకో నిమిషం పట్టింది.

"డిసెంబర్లో వస్తున్నాం నాన్నా. ఆ రోజు పొద్దున బండి తియ్యకు. ఇంజిను చల్లగా ఉండాలి."