మా అమ్మాయి పరిచయపత్రము

గత శ్రావణమాసములో ఒకనాటి సాయంకాలము మా పెద్దమ్మాయి తన ల్యాప్‌టాప్ తెచ్చుకొని వంటయింటి గడప ప్రక్కన కూర్చుండి, "అమ్మా, నన్ను గురించి నాలుగు వాక్యాలు చెప్పు, రాసుకోవాలి" అని యడిగినది. మేము పులుసునకు తాలింపు పెట్టుచుంటిమి. నాలుగేమి, నలువది చెప్పగలమనుకొంటిమి. తీరా నోరు తెరచునప్పటికి "బుద్ధిమంతురాలు, పెద్దలయెడ భయభక్తులు గలది" అను మాటలే వచ్చినవి. పిల్ల పకపక నవ్వి, "ఇది పెళ్లిచూపులకు కాదమ్మా!" అన్నది. ఆ నాలుగు వాక్యములు కుదురుటకు మా యింట రెండు నెలలు పట్టినది. ఆ రెండు నెలలలో మేము తెలిసికొన్నది సోదరీమణులకు కూడ ఉపయోగపడునేమో యని వ్రాయుచున్నాము.

మాది నెల్లూరు జిల్లాలోని సంగము. పెన్నయొడ్డున సంగమేశ్వరస్వామి కోవెల, పాత ఆనకట్ట, 2022లో ప్రారంభమైన క్రొత్త బ్యారేజి, ఇవి మా యూరి ఆనవాళ్లు. అమ్మాయి ముత్తుకూరులోని మత్స్యశాస్త్ర కళాశాలలో నాలుగేండ్లు చదివి పట్టము పుచ్చుకొన్నది. బెల్జియములోని గెంట్ విశ్వవిద్యాలయమునందో, స్కాట్లండులోని స్టర్లింగ్ విశ్వవిద్యాలయమునందో రొయ్యలు చేపల పెంపకమును గూర్చి పైచదువు చదువవలెనని దాని కోరిక. దరఖాస్తును, మార్కుల పట్టికలును ఎటులను పంపవలసినవే. అవి గాక, అక్కడి ఆచార్యులకు ఉత్తరము వ్రాసినపుడు ఈ పిల్ల యెవరో, ఏమి చేసినదో వారు చూచుకొనుటకు అంతర్జాలములో ఒక పుట ఉండుట మేలట. లింక్డిన్ అనునది అట్టి పుటలకు నెలవు, 2003లో ప్రారంభమైనది. పూర్వము సంబంధమునకు వచ్చువారు ఇంటిలో కాలు పెట్టకముందే వీధి అరుగులమీద నాలుగు మాటలు విచారించెడివారు కదా, ఇదియు అట్టిదే. అరుగుమీదివారు ఏమి చెప్పుదురో మన చేతిలో లేదు. ఈ పుటలో మాత్రము మన మాట మనమే చెప్పుకొనవచ్చును.

మన మాట అంటిమి గాని, మొదట అందులో మా అమ్మాయి మాట ఒక్కటియు లేదు. విదేశీ చదువులకు సలహాలిచ్చు ఒక దుకాణమునకు రుసుము చెల్లించి వ్రాయించితిమి. ఉత్సాహవతి, నాయకత్వ లక్షణములు గలది, రొయ్యల వ్యాధులపై రెండేండ్లు పరిశోధన చేసినది అని వారు వ్రాసిరి. చూచి మేము మురిసిపోతిమి. "రెండేళ్లు ఎప్పుడు చేశానమ్మా?" అని పిల్ల సందేహించినది. అందరును అట్లే వ్రాయుదురట, తెలిసినవారు వ్రాసినారు, ఊరకుండుమని మేమే దాని నోరు మూయించితిమి. ఆ తప్పు మాది.

నెల తిరుగకముందే ఒక విదేశపు ఆచార్యుడు మర్యాదగా ప్రత్యుత్తరము వ్రాసి, తెల్లమచ్చ వ్యాధిని మీరు ఏ పద్ధతిని పరీక్షించితిరి, ఎన్ని నమూనాలు తీసితిరి అని యడిగెను. బ్యారేజి మీద నడచుచుండగా పిల్ల ఆ యుత్తరమును మాకు చదివి వినిపించినది. చదువుచు చదువుచు గొంతు పూడిపోయినది. ఆ పరీక్ష ఇతరులు చేయుచుండగా చూచినదే గాని తాను చేసినది కాదు. ఆ రాత్రియే ఉన్న సంగతి ఉన్నట్లు వ్రాసి క్షమాపణ చెప్పుకొన్నది. ఆయన యొద్దనుండి మరల జాబు రాలేదు. మరునాడు ఆ పుటనంతయు తుడిచివేసి, "నేను నిజంగా చేసిందేందో చెప్పమ్మా" అని మరల మా యెదుట కూర్చున్నది.

అప్పుడు జ్ఞప్తికి వచ్చినది మా పుట్టినింటి నోటుపుస్తకము. విడవలూరు వైపు మా అన్నగారికి రెండు రొయ్యల గుంటలున్నవి. 2020 మార్చిలో కరోనా మూలమున లాక్‌డౌను విధించినపుడు మేమును, అప్పుడే ఇంటరు పరీక్షలు ముగించిన పిల్లయును అక్కడ చిక్కుకొంటిమి. పనివారు రాలేకపోయిరి. గుంటలలో వెనామీ పిల్ల వేసి కొలది దినములే యైనది. నీటిలోని ప్రాణవాయువు తెల్లవారుజామున మిక్కిలి తగ్గును. పగలు ఎండ యున్నంతసేపు నీటిలోని పచ్చనాచు దానిని పుట్టించును. రాత్రి ఆ నాచును, రొయ్యలును కలిసి పీల్చుకొనుటయే. ఆ వేళ నీటిని చిలుకు ఏరేటర్లు ఆగినచో పంటపై ఆశ వదలుకొనవలసినదే. కాబట్టి పిల్ల నాలుగు గంటలకే లేచి మీటరు ముంచి అంకె చెప్పుట, మేము టార్చిలైటు వెలుగున వ్రాయుట. నీటి ఉప్పదనము, పి.హెచ్., పళ్లెములో రొయ్యలు తినక మిగిల్చిన మేత, అన్నియు వ్రాసితిమి. ఇట్లు 96 దినములు. ఒక రాత్రి కరెంటు పోయి జనరేటరు మొరాయించినపుడు అంకె రెండునకు దిగిన సంగతియు అందున్నది. ఆ పుట మీద మా చెమట చుక్క పడి సిరా అలికినది.

ఈ పుస్తకమును ఒక అర్హతగా చూపవచ్చునని మాకెవ్వరికి తోచలేదు. మన యిండ్లలో చేసిన పని పనిగా లెక్కకు రాదు కదా! పిల్ల ఆ అంకెలన్నిటిని కంప్యూటరులో ఎక్కించి, గీతలుగా గీచి, ప్రాణవాయువు తగ్గిన దినములలో మేత మిగులుట కనుగొన్నది. "రెండు గుంటల నీటి కొలతలు 96 రోజులు తీశాను, తర్వాత కళాశాలలో నేర్చినదానితో వాటిని ఇట్లు చదువుకున్నాను" అని వ్రాసి, ఆ గీతల పటమును దాని క్రింద చేర్చినది. ఉత్సాహవతి అను మాట మరల వ్రాయలేదు. నాలుగు గంటలకు లేచినదని తెలిసిన పిదప ఆ మాటతో పనియేమి?

పేరు విషయమున పడిన శ్రమ వేరు. పదవ తరగతి పత్రములో ఇంటిపేరు ముందు, పేరు వెనుక. కళాశాలలో ఇంటిపేరును పొడియక్షరము చేసిరి. పాస్‌పోర్టు దరఖాస్తులో ఇంటిపేరు గడి ఖాళీగా వదలి అంతయు పేరు గడిలోనే మేము నింపితిమి. మనకు మూడును ఒకే పిల్ల. పైదేశపు గుమాస్తాకు ముగ్గురు పిల్లలు. అట్టి పాస్‌పోర్టుతో పోయినచో అమెరికా వీసాలో ఉన్న పేరునంతయు ఇంటిపేరు చోట వేసి, పేరు చోట ఎఫ్.ఎన్.యు., అనగా పేరు తెలియదు, అని అచ్చువేయుదురు. బారసాలనాడు బియ్యములో మూడు మారులు వ్రాసిన పేరు ఇందులకేనా! 2022 నవంబరులో ఐక్య అరబ్ ఎమిరేట్సు వారు పాస్‌పోర్టులో ఒకే పేరున్నవారిని సందర్శక వీసాపై రానీయమని ప్రకటించిరి. మేము పాస్‌పోర్టును మరల సరిగా వ్రాయించి, అన్ని చోట్ల ఆ పేరునే ఉంచితిమి. పెండ్లియైన స్త్రీ ఇంటిపేరు మార్చుకొని తీరవలెనను నిర్బంధము పాస్‌పోర్టునకు లేదు. ఇది తెలియక తొందరపడు తల్లులు పెక్కురు. పరిశోధన చేయు పిల్లలకు ఆర్కిడ్ అను సంస్థ 2012 నుండి 16 అంకెల సంఖ్య నొకదానిని ఉచితముగా ఇచ్చుచున్నది. ఇంటిపేరు మారినను ఆ సంఖ్య మారదు. పుట్టినింటి పేరున వ్రాసినదియు, మెట్టినింటి పేరున వ్రాసినదియు దాని క్రిందనే చేరును.

ఫోటో వద్ద మా అత్తగారు అడ్డుపడిరి. "ఏందమ్మా ఇది, ఆడబిడ్డ ఫోటో లోకమంతా చూసేట్టు పెడతారా?" అని. ఆమె నెల్లూరు కస్తూరిదేవీ విద్యాలయములో చదివినవారు. 1923లో ఆ బడిని స్థాపించిన పొణకా కనకమ్మగారి స్వీయచరిత్ర కనకపుష్యరాగము, ఆమె 1963లో గతించిన పిదప ఎన్నో యేండ్లకు, 2011లో గాని పుస్తకముగా వెలువడలేదు. పిల్ల దానిని చదివియున్నది. "జేజీ, ఆమె తన సంగతి తాను రాసిపెట్టుకోకుంటే మనకెట్ల తెలిసేది?" అన్నది. అత్తగారు కొంతసేపు ఊరకుండి, "అయితే ఆ చుడీదారు ఫోటో వద్దు, నూలుచీర కట్టుకోమను" అనిరి. నూలుచీర తోడనే తీయించితిమి.

ఫోన్ నంబరు, ఇంటి చిరునామా, పుట్టిన తేది, పాస్‌పోర్టు సంఖ్య మాత్రము ఆ పుటలో ఉండరాదు. విదేశములో ఉద్యోగమిప్పింతుము, ముందుగా సొమ్ము పంపుడని వ్రాయువారు కూడ ఈ పుటలు చూచియే వచ్చెదరు. అట్టివారి పేరు ప్రభుత్వము వారి ఈ-మైగ్రేట్ జాబితాలో ఉన్నదేమో చూచుకొనుడు. అమెరికా పోదలచిన పిల్లలున్న తల్లులకు మరియొక మాట. గత అయిదేండ్లలో వాడిన సామాజిక మాధ్యమముల ఖాతాలను వీసా పత్రములో 2019 నుండి అడుగుచున్నారు. విద్యార్థులు వాటిని అందరికి కనబడునట్లు ఉంచవలెనని 2025 జూన్‌లో చెప్పిరి.

ఇదంతయు చూచుచున్న మా తోడికోడలు ఒకనాడు మెల్లగా తన పుటను తెరిపించినది. చెన్నైలో ఉద్యోగము చేసి, కవలలు పుట్టగా మానివేసి ఆరేండ్లైనది. "ఈ ఆరేళ్లూ ఏమీ చేయలేదని రాయాలా అక్కా?" అన్నప్పుడు దాని ముఖము చూడలేకపోతిమి. ఉద్యోగ విరామము అని వ్రాసికొనుటకు, కారణము చెప్పుకొనుటకు లింక్డిన్‌లో 2022 నుండి ఒక చోటు కల్పించినారని పిల్లయే చూపినది. బిడ్డల పెంపకము అని వ్రాసి, ఆ యేండ్లలో రాత్రిళ్లు ముగించిన రెండు కోర్సుల పేర్లు కూడ చేర్చినది.

మా అమ్మాయి పుట ముగిసిన నాడు మాకు చూపినది. నోటుపుస్తకమును గూర్చిన వాక్యముల క్రింద "నమోదు చేసినది మా అమ్మ" అని యున్నది. తీసివేయుమంటిమి. "దస్తూరీ అంతా నీదే కదమ్మా. నేనే చేశానంటే మళ్లీ అబద్ధమే" అని, "నీ పేరు ఏ ఇంటిపేరుతో రాయను?" అని యడిగినది. మేము జవాబు చెప్పలేదు. పిల్ల పెట్టెలోనుండి ఆ పుస్తకము తీసి మొదటి పుట తిప్పినది. పుట్టినింట కూర్చుండి వ్రాసితిమి గాబోలు, అందు మేము చిన్ననాటి ఇంటిపేరుతోనే చేవ్రాలు చేసియుంటిమి. దానినే చూచి వ్రాసికొన్నది.